పని–జీవిత సమతుల్యత: పరిశోధనల్లో ఆచరణకు నిలిచేవి ఏవి?

ప్రశ్న

నేను ఒక సంస్థలో మానవ వనరుల విభాగంలో పనిచేస్తున్నాను. పనివేళలను ఎంచుకోవడం, కొన్ని రోజులు ఇంటి నుంచి పనిచేయడం వంటి సదుపాయాలన్నీ మా నియమావళిలో ఉన్నాయి గానీ, వాటిని వాడుకునేవారు చాలా తక్కువ. దరఖాస్తులో ‘కారణం’ అని ఒక గడి ఉంది. దాన్ని నింపి పైఅధికారి సంతకం కోసం తిరగడం కంటే సెలవు పెట్టుకోవడమే నయమని చాలామంది అంటున్నారు. ఈ పరిస్థితిని మార్చడానికి యాజమాన్యం ముందు పెట్టదగిన గట్టి ఆధారాలు పరిశోధనల్లో ఉన్నాయా?

మొదటి సమాధానం

ఉన్నాయి. చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ సేవల సంస్థ కాల్ సెంటర్‌లో నికోలస్ బ్లూమ్, ఆయన సహచరులు చేసిన ప్రయోగ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఇంటి నుంచి పనిచేయడానికి ముందుకొచ్చినవారిలో పుట్టిన తేదీ సరి సంఖ్య అయినవారిని ఇంటికి పంపి, బేసి సంఖ్య వారిని ఆఫీసులోనే ఉంచారు. తొమ్మిది నెలల్లో ఇంటి నుంచి చేసినవారి పనితీరు 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేయడం సగానికి తగ్గింది. అయితే అంతే పనితీరు చూపినా వారికి పదోన్నతులు తక్కువగా దక్కాయి. మీ ఉద్యోగులు వెనకాడటం ఉత్త అపోహ కాదన్నమాట. అదే సంస్థలో 1,612 మందితో చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి రెండు రోజులు మాత్రమే ఇంటి నుంచి పనిచేసినవారికి పదోన్నతుల్లో తేడా కనిపించలేదు. మానేసేవారు మాత్రం మూడో వంతు తగ్గారు. యాజమాన్యానికి ఈ రెండింటినీ కలిపి చూపండి.

రెండో సమాధానం

అంకెలతో ఒప్పించవచ్చు, కాదనను. కానీ నా దృష్టిలో అసలు చిక్కు, అడగాల్సిన భారం ఒక్కొక్క ఉద్యోగిపై పడటంలో ఉంది. కంపెనీలకు సలహాలిచ్చే బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్‌లో లెస్లీ పెర్లో అనే పరిశోధకురాలు చేసిన ప్రయోగంలో ఎవరూ ఏదీ అడగలేదు. బృందంలో ప్రతి ఒక్కరూ ముందే నిర్ణయించిన ఒక సాయంత్రం పని ముట్టకూడదని, అది ఎలా సాగుతోందో ప్రతి వారం కూర్చుని మాట్లాడుకోవాలని నియమం పెట్టారు. అందరికీ వర్తించేది కాబట్టి, పనిపై శ్రద్ధ లేదన్న ముద్ర ఎవరిపైనా పడలేదు. ఎరిన్ కెల్లీ, ఫిలిస్ మోయెన్ అనే పరిశోధకులు ఒక పెద్ద అమెరికన్ సంస్థ ఐటీ విభాగంలో పని పద్ధతినే బృందాలవారీగా మార్పించినప్పుడు ఉద్యోగుల అలసట తగ్గింది. ఆ సంస్థ మరో సంస్థతో విలీనమయ్యాక వచ్చిన కొత్త నాయకత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేయడం వేరే కథ, దాన్నీ దాచకుండా చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. నాయకత్వం మారినా నిలవాలంటే చట్టం ఒక్కటే దారా?

మూడో సమాధానం

చట్టం కొంతవరకే పనికొస్తుంది. పనివేళల తర్వాత ఫోన్, మెయిల్ పట్టించుకోకుండా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి అమల్లో ఉంది గానీ, దాని పద్ధతిని యాజమాన్యం, ఉద్యోగుల ప్రతినిధులు చర్చించి తేల్చుకోవాలి. ఫోక్స్‌వాగన్ 2011లో జర్మనీలోని కొందరు ఉద్యోగుల కోసం చేసింది ఇంకా సూటిగా ఉంది: షిఫ్టు ముగిసిన అరగంటకు వారి ఫోన్లకు మెయిళ్లు ఆగిపోయి, మర్నాడు షిఫ్టుకు అరగంట ముందు మళ్లీ మొదలయ్యేవి. ఉద్యోగుల ప్రతినిధులతో కుదిరిన ఒప్పందం కాబట్టి అది ఒక్క అధికారి ఇష్టంపై ఆధారపడలేదు. మీరూ ఒక బృందంతో మొదలుపెట్టి, నియమాన్ని రాతపూర్వక ఒప్పందంగా మార్చి, ఏడాది తర్వాత ఆ బృందంలోని పదోన్నతులను మిగతావారితో పోల్చి చూడండి.