స్టీరింగ్ పంపు కారతా ఉంది, సీలు ఒక్కటి మారిస్తే సరిపోద్దా?

పొదలకూరు నిమ్మతోట:
అందరికీ నమస్కారం. మాది పొదలకూరు పక్కన పల్లె. బండి 2005 మోడల్ యాక్సెంట్ పెట్రోల్, 1,60,000 దాటింది. నాన్న కొన్న కారు. ఈ రోజుకీ ఆయన పక్కన కూర్చోనిదే షెడ్డుకు తీసుకుపోనీడు.

నెల రోజులుగా స్టీరింగ్ ఆయిల్ తగ్గిపోతా ఉంది. పొద్దున్నే బండి తీస్తే కింద నాపరాయి మీద అరచేయంత మరక. స్టార్ట్ చేయంగానే గుయ్యిమని మూలుగుద్ది. నిమ్మకాయల మార్కెట్ దగ్గర ఆటోల మధ్య రివర్సు తిప్పాలంటే స్టీరింగ్ రాయి మాదిరి ఉంటుంది, గట్టిగా తిప్పితే బెల్టు కీచుమంటుంది. వారానికి పావు లీటరు పోస్తా ఉండా.

నెల్లూరులో ఒక షెడ్డులో చూపించా. బానెట్ ఎత్తి, పంపు మీద వేలు పెట్టి తుడిచి, "పంపు పోయింది సార్, మార్చాల్సిందే" అన్నాడు. పాతది తెచ్చి వేస్తే ఏడు వేలంట. రెండు నిమిషాల్లో తేల్చేశాడు, నాకు మనసు ఒప్పలేదు. తోటలో మోటార్లకు సీళ్లు నేనే వేసుకుంటా. ఇది కూడా ఇంట్లో విప్పొచ్చా? ఎవురన్నా చేసినోళ్లు ఉంటే చెప్పండి.

ఒంగోలు పాతబండి:
అన్నా, ఇప్పుడే విప్పబాకండి. పంపు తడిగా ఉన్నంత మాత్రాన కారేది పంపే అనుకోడానికి లేదు. పైన గొట్టం దగ్గర కారినా కిందికి జారి పంపు మీదే నిలుస్తుంది. నేను ఇట్టాగే పంపు మార్చి, వారానికి మళ్లీ అదే మరక చూసి తల పట్టుకున్నా.

ఇంజన్ చల్లారినాక పంపు, గొట్టాలు డీజిలుతో బ్రష్ పెట్టి కడగండి. బాగా తుడిచి, ఆరినాక ముఖానికి పూసుకునే పౌడరు చల్లండి. తర్వాత ఇంట్లో ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని మీరు టార్చి వేసి చూడండి, చెయ్యి మాత్రం బెల్టుకు దూరంగా పెట్టుకోండి. పౌడరు ముందు ఎక్కడ తడిస్తే దొంగ అక్కడ ఉన్నట్టు.

స్టీరింగ్ ఆయిల్ డబ్బాలోంచి పంపుకొచ్చే లావు రబ్బరు గొట్టంలో ప్రెషర్ ఉండదు, పంపే ఆయిల్ లాక్కుంటుంది. అది చీలితే బండి ఆపినప్పుడు బొట్లు పడతాయి, నడిచేటప్పుడు గాలి పీలుస్తుంది. మీ మూలుగు ఆ గాలిదే అయి ఉండొచ్చు. పంపు నుంచి రాక్‌కు, అంటే ముందు చక్రాలను అటూ ఇటూ తిప్పే కడ్డీ ఉండే భాగానికి, పోయే గొట్టం అట్టా కాదు. స్టీరింగ్ చివరికంటా తిప్పి పట్టుకుంటే అందులో 70, 80 బార్ల దాకా లేస్తుంది. టైరులో మనం కొట్టించే 32 పాయింట్లు రెండు బార్ల పైచిలుకే, లెక్కేసుకోండి. అది పోతే ఇంజన్ నడిచేటప్పుడే చిమ్ముద్ది, రాత్రి మరక పెద్దగా పడదు. ఇక పుల్లీ వెనక, షాఫ్టు చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు. అది కారితే పుల్లీ చుట్టూ, బెల్టు మీదా ఆయిల్ చిందుద్ది. బెల్టు కీచుమంటుందన్నారు కాబట్టి నాకు దాని మీదే అనుమానం.

డబ్బా మూత తీసి చూడండి, నురుగుందా? ఇంతకీ ఏం ఆయిల్ పోస్తున్నారు?

గూడూరు రోడ్డు:
ఇంత కథ ఎందుకండీ, లీకేజీ ఆపే మందు ఒక బాటిల్ పోయండి, సీళ్లు ఉబ్బి మూసుకుపోతాయి.

పొదలకూరు నిమ్మతోట:
నురుగుంది. సోడా కొట్టినట్టు.

ఆయిల్ సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. నేను పోసేది మూత మీద రాసిందే. నాన్నను గట్టిగా అడిగితే ఇప్పుడు బయటపెట్టాడు. రెండు నెలల కిందట ఆత్మకూరు పెళ్లికి పోతా, దారిలో స్టీరింగ్ బరువైందని డిక్కీలో ఉన్న బ్రేక్ ఆయిల్ సగం డబ్బా పోశాడంట. "రెండూ ఆయిలే గదరా" అంటా ఉండాడు.

కావలి మెకానిక్:
అబ్బాయ్, అసలు రోగం అదీ. పేరుకే బ్రేక్ ఆయిల్, అది పెట్రోలియం సరుకు కాదు. స్టీరింగ్ సీళ్ల రబ్బరుకు తగిలితే ఉబ్బి మెత్తబడిపోద్ది. మందు పోయమన్న పెద్దాయనకు కూడా చెప్తా ఉండా, ఉబ్బిన సీలును ఇంకా ఉబ్బిస్తే ఏమొస్తది? రివర్సు తప్పు ఇంకా ఘోరం. బ్రేకు డబ్బాలో స్టీరింగ్ ఆయిల్ పోస్తే బ్రేకులే పోతాయి, అది నాన్నకు ఇప్పుడే చెప్పు.

సీలు ఇంట్లో మార్చొచ్చు. పుల్లీ మాత్రం స్క్రూడ్రైవరుతో పైకి లేపబాక, వంగుద్ది. పుల్లీని నిటారుగా లాగే పుల్లర్ తెచ్చుకో. పాత సీలు మీద మూడు అంకెలుంటాయి: లోపలి కొలత, బయటి కొలత, మందం. అది చేతిలో పెట్టుకునే కొట్టుకు పో. మోటారు సీలు సైజు కలిసిందని అది వేసేవు, ఆ పని చేయబాక. వేసే ముందు షాఫ్టు మీద, సీలు పెదవి ఆనే చోట గోరు పెట్టి గీరి చూడు. గోరు తట్టుకుంటే గాడి పడినట్టు, కొత్త సీలు కూడా నిలవదు. సీలు స్ప్రింగు ఉండే వైపు ఆయిలు వైపు ఉండాల.

పంపు వెనక మూత జోలికి పోబాక. లోపల సన్న పలకలుంటాయి, గుండ్రటి అంచు బయటికి ఉండేట్టు కూర్చోవాల. కింద రాలితే మళ్లీ వరస పెట్టలేవు.

పాత ఆయిల్ మొత్తం తీసేయాల. రిటర్ను గొట్టం డబ్బా నుంచి ఊడదీసి సీసాలో పెట్టు, డబ్బాకు ఆ బొక్క మూసెయ్. ముందు చక్రాలు రెండూ లేపి స్టాండ్ల మీద ఆపు, జాకీని నమ్మబాక. ఇంజన్ ఆన్ చేయకుండా స్టీరింగ్ తిప్పతా పైన కొత్త ఆయిల్ పోస్తా పో, శుభ్రంగా వచ్చేదాకా. ఇంజన్ ఆన్ చేసినాక చివరికి తిప్పి ఐదు సెకన్లకు మించి పట్టుకోబాక.

పొదలకూరు నిమ్మతోట:
పదకొండు రోజుల తర్వాత రాస్తా ఉండా. పౌడరు రెండు చోట్ల తడిసింది: పుల్లీ వెనక, లావు గొట్టం క్లాంపు కింద. గొట్టం వంచి చూస్తే లోపల వెంట్రుకంత చీలిక. సీలు నెల్లూరు ఆటోనగర్లో మూడో కొట్లో దొరికింది, 140 రూపాయలు. గొట్టం ముక్క కూడా ఆయిలుకు తట్టుకునేదే తెచ్చా. షాఫ్టుకు గోరు తట్టుకోలేదు, బతికిపోయా. పాత సీలు వేళ్ల మధ్య నొక్కితే నానిన పనసగింజ మాదిరి ఉంది. ఆయిల్ కడగడానికే రెండు లీటర్లు పట్టింది, ఒక మధ్యాహ్నం అంతా పోయింది. బెల్టు కూడా కొత్తది వేశా.

మూలుగు లేదు, రాయి మీద మరక లేదు. ఒక్కటే అనుమానం. కుడి చక్రం వైపు రాక్ బూటు, అదే రాక్ చివర తొడిగే మడతల రబ్బరు తొడుగు, తడిమితే వేలికి కొంచెం జిడ్డు తగిలింది.

కావలి మెకానిక్:
తుడిచేసి నెల చూడు, పాత జిడ్డు కూడా అయి ఉండొచ్చు. బూటు నొక్కినప్పుడు లోపల ఆయిలు కదిలినట్టు తెలిస్తే రాక్ సీలు పోయినట్టు. అది మాత్రం ఇంట్లో పెట్టుకోబాక.