ఓనర్‌తో గొడవపడి ఫ్యాన్స్ క్లబ్ మూసేశాం, తప్పు చేశామా?

కావలి కూత:
తెలియనివాళ్ళ కోసం జరిగింది చెప్తా. మన కబడ్డీ టీమ్ పేరు ఇక్కడ రాయను, నెల్లూరు, కావలి, ఒంగోలులో మ్యాచ్‌లు చూసేవాళ్ళకి ఎలాగూ తెలుసు. ఏడు సీజన్లు క్లబ్ నడిపాం, తలా రెండొందలు చందా, మినీ లారీలో డప్పులేసుకుని ఎక్కడ మ్యాచ్ అయితే అక్కడికి. రెండేళ్ళ కింద టీమ్ చేతులు మారింది. కొత్త ఓనర్ మొదట స్పాన్సర్ టీషర్టు వేసుకుంటేనే డప్పులు లోపలికి రానిస్తానన్నాడు, సరే అని వేసుకున్నాం. పోయిన సీజన్‌లో మన లెఫ్ట్ కార్నర్ (ఎడమ చివర నిలబడి కూతకొచ్చినోణ్ణి పట్టే) కుర్రాడు బాకీ ఉన్న మ్యాచ్ డబ్బులు అడిగాడని వాడిని తీసేశారు. వాడు పట్టు పడితే రైడర్ గీత దాకా పాక్కుంటూ పోవాల్సిందే, అలాంటోణ్ణి! ఆ తర్వాతి మ్యాచ్‌లో "మా కుర్రోళ్ళ డబ్బులు ఎప్పుడిస్తారు?" అని బ్యానర్ పట్టుకున్నాం. బౌన్సర్లు వచ్చి లాగేశారు. తెల్లారేసరికి నాకు మెసేజ్, టీమ్ పేరు గానీ బొమ్మ గానీ ఇంకోసారి వాడితే లాయర్ నోటీసు పంపుతామని. ఆదివారం మీటింగ్ పెడితే 31 మంది వచ్చారు, 19 మంది మూసేద్దామన్నారు, మూసేశాం. నేనూ ఆ 19లో ఒకణ్ణి. రెండు రోజులుగా నిద్ర పట్టట్లేదు, అందుకే అడుగుతున్నా.

పెన్నా గట్టు:
తప్పే అన్నా. ఆయనకి కావాల్సింది అదే గదా. ప్రశ్నించేవాళ్ళు పోయారు, ఇంక కూలిచ్చి ఈలలేసే వాళ్ళని తెచ్చుకుంటాడు. మీటింగ్‌కి నన్ను పిలవలేదని కోపం కూడా ఉంది, దాచుకోను.

ఒంగోలు గిత్త:
ఏందబ్బా, అందరూ ఓనర్ మీదే పడ్డారు. మ్యాట్ అద్దె, కుర్రోళ్ళ మెస్, బస్సు డీజిలు ఎవరు కడుతున్నారు? మీ రెండొందల చందాతోనా? మా వైపు బండలాగుడు పోటీలకి వేలమంది వస్తారు, ఈలలేస్తారు, పోతారు. ఎడ్లు ఆసామివి. ఏ జత దించాలో మమ్మల్నడగమని ఎవడూ అనడు.

కావలి కూత:
అనడు. కానీ ఆసామి గిత్తకి మేత పెట్టకుండా బండ లాగిస్తుంటే ఊరంతా నోరు మూసుకుని చూస్తుందా? మేం అడిగింది మేత సంగతే. ఎవర్ని ఆడించాలని ఎప్పుడూ అడగలేదు.

ఊరొదిలినోడు:
ఫుట్‌బాల్ పిచ్చోణ్ణి, రెండు ఉదాహరణలు చెప్పి పోతా. లండన్‌లో వింబుల్డన్ అనే క్లబ్‌ని ఓనర్లు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న మిల్టన్ కీన్స్‌కి తీసుకుపోతామంటే 2002లో పర్మిషన్ వచ్చేసింది. మనకైతే నెల్లూరు నుంచి ఒంగోలు అంతకంటే దూరం, అయినా వాళ్ళకి గుండె పగిలింది. అభిమానులు ఏడుస్తూ కూర్చోలేదు, బహిరంగ మైదానంలో సెలక్షన్ పెట్టి ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత జట్టు కట్టారు. ఇంగ్లండ్ లీగుల్లో తొమ్మిదో మెట్టు నుంచి మొదలుపెట్టి 2011కల్లా నాలుగో మెట్టుకి, అంటే ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. రెండోది మన దేశంలోదే. 2020లో కలకత్తా క్లబ్ మోహన్ బగాన్‌ని ఏటీకే అనే ఇంకో జట్టుతో కలిపి పేరు ముందు ఏటీకే తగిలించారు. కలకత్తా జనం ఆ మూడక్షరాలు తీసేయమని మూడేళ్ళు అడుగుతూనే ఉన్నారు, 2023లో తీసేశారు. ఒకళ్ళు బయటికొచ్చి గెలిచారు, ఇంకొకళ్ళు లోపలుండి సతాయించి గెలిచారు. రెండు చోట్లా గుంపు మాత్రం చెదరలేదు. మీరు చెదరగొట్టుకున్నారు, నా బాధ అదీ.

ఒంగోలు గిత్త:
మరి హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి చెప్పవేం? 2022లో దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ కప్పు కొట్టింది, తర్వాత ఆటగాళ్ళకి జీతాల్లేవు, 2025లో ఢిల్లీకి ఎత్తేశారు. అక్కడా అభిమానులున్నారు, ఏం చేయగలిగారు?

ఊరొదిలినోడు:
ఏం చేయలేకపోయాం. ఆ స్టాండ్‌లో నేనూ ఉన్నా గిత్తా, ఆ పుండు కెలకొద్దు.

కందుకూరు కుర్రోడు:
2022లో మా కందుకూరుని ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు మమ్మల్ని ఎవరడిగారు, ఇప్పుడు టీమ్ ఓనర్ అడగడానికి. నేను మాత్రం రెండు జిల్లాల జట్లకీ అరుస్తా.

సింగరాయకొండ చెల్లి:
అన్నయ్యలూ, ఒక మాట. పాత ఓనర్ ఉన్నప్పుడు ఆడవాళ్ళు మ్యాచ్‌కి రావాలంటే భయం, తోపులాట, బాత్రూమ్ కూడా ఉండేది కాదు. ఈయన వచ్చాకే మాకు విడిగా గ్యాలరీ పెట్టారు. అప్పట్లో మన క్లబ్ దాని గురించి ఒక్క బ్యానర్ అయినా కట్టిందా? డబ్బులు ఎగ్గొట్టడం తప్పే, నేనేం వెనకేసుకు రావట్లేదు. కానీ క్లబ్ అంటే ఊరంతా అన్నట్టు మాట్లాడుతున్నారు, ఆ 31 మందిలో ఆడవాళ్ళెంతమంది?

కావలి కూత:
ఒక్కరూ లేరమ్మా. నిజమే. పిలవాలని కూడా తట్టలేదు.

పెన్నా గట్టు:
సరే, ఇప్పుడు చేసేదేంటి? వింబుల్డన్ వాళ్ళకి గడ్డి గ్రౌండ్ కావాల్సొచ్చింది, మనకి సున్నంతో నాలుగు గీతలు గీస్తే కోర్టు అయిపోతుంది. మ్యాట్ మీద ఏడుగురు, బయట ఐదుగురు. తీసేసిన కార్నర్ కుర్రాడు ఖాళీగానే ఉన్నాడు. సంక్రాంతి పోటీలకి ఊరి పేరుతో దించుదాం, ఊరి పేరు మీద ఎవడు లాయర్ నోటీసు ఇస్తాడో చూద్దాం.

ఒంగోలు గిత్త:
దించండి. ఏడాది తిరిగేసరికి మీకూ మెస్ బిల్లు వస్తుంది, అప్పుడు మీ కుర్రోళ్ళే మీకు బ్యానర్ చూపిస్తారు. (వెక్కిరింపు కాదు, మా ఊళ్ళో అట్లా జరిగింది.)

సింగరాయకొండ చెల్లి:
క్లబ్ ఖాతాలో ఏమన్నా మిగిలిందా?

కావలి కూత:
14,600. కార్నర్ కుర్రాడికి ఇచ్చేద్దామని అనుకున్నాం, అడిగితే వద్దన్నాడు, జట్టు కడితే షూలు కొనమన్నాడు. ఇంకా ఏదీ తేల్చలేదు. డప్పులు మాత్రం మా మిద్దె మీద రేకుల కింద ఉన్నాయి, తుఫాను అంటున్నారు, తడిస్తే తోలు పోతుంది. శనివారం లోపు ఎవరన్నా ఆటో తీసుకుని రండి.

పెన్నా గట్టు:
నేనొస్తా. చెల్లీ, ఈసారి మీటింగ్ మీ ఊళ్ళో పెట్టు.