బంగారు నాణెం అరచేతంతా, గోరంతా?

నిద్రరాని_రచయిత:
మధ్యయుగం లాంటి ఫాంటసీ లోకంలో ఒక నవల రాస్తున్నాను. మొదటి అధ్యాయంలోనే హీరో సత్రంలోకి వచ్చి, వంద బంగారు నాణేల సంచి బల్ల మీదకి విసిరి, అందులోంచి ఒకటి సత్రం యజమానికిచ్చి "నన్ను చూడలేదని చెప్పు" అంటాడు. నాణెం 6 సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం అని పెట్టుకున్నాను. చదివిన ఫ్రెండ్ ఇది జరిగే పని కాదంటున్నాడు. డ్రాగన్ని నమ్మినవాడు నాణెం దగ్గర ఆగిపోవడమేంటో! మీరేమంటారు?

తూనికరాయి:
మీ ఫ్రెండే కరెక్ట్. బంగారం ఘన సెంటీమీటరుకి 19.3 గ్రాములు తూగుతుంది. మీ కొలతకి ఒక్కో నాణెం సుమారు 164 గ్రాములు, వంద అంటే 16 కిలోల పైమాటే. బల్ల సంగతి దేవుడెరుగు, విసిరిన హీరోకి భుజం పట్టేస్తుంది. ఫ్లోరెన్స్ 1252లో మొదలుపెట్టిన ఫ్లోరిన్ అనే బంగారు నాణెం మూడున్నర గ్రాములు, 1284 నాటి వెనిస్ డ్యూకట్ కూడా దాదాపు అంతే. బైజాంటియం సాలిడస్ నాలుగున్నర, అరబ్బుల దీనార్ నాలుగుంపావు. ఎవరి రాజ్యం వాళ్ళది, ఎవరి కాలం వాళ్ళది, అయినా అందరూ అక్కడక్కడే తిరిగారు.

ఒక పని చేయండి. కాగితం మీద 2 సెంటీమీటర్ల గుండ్రం గీసి, కత్తిరించి, బొటనవేలి గోరు మీద పెట్టుకోండి. గోరు దాటి కొంచెం అంచు కనిపిస్తుంది, అంతే. అలాంటి కాగితాలు ఆరు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఫ్లోరిన్ మందం. వంద ఫ్లోరిన్లు 350 గ్రాములే, గుప్పిట్లో పట్టేస్తాయి.

అరక్షణం:
అదంతా ఈ లోకం చరిత్ర గురూ. ఆయన లోకంలో కొండల నిండా బంగారం ఉందనుకోండి, అప్పుడో? పాత రోల్‌ప్లే గేమ్‌లో పౌండు బరువుకి పది నాణేలని రూలుండేది, అంటే ఒక్కోటి 45 గ్రాములు. అందరూ హాయిగానే ఆడుకున్నారు.

తూనికరాయి:
ఆడుకున్నారు, తర్వాత పౌండుకి యాభై అని మార్చుకున్నారు కూడా. కొండల నిండా ఉంటే దానికి బంగారం విలువ ఎవరిస్తారండీ? స్వీడన్‌లో రాగి బోలెడు, వెండి కరువు, అందుకని 1644లో రాగి పలకల్నే డబ్బుగా కొట్టారు. పది డాలెర్ల (డాలెర్ అంటే అప్పటి స్వీడన్ డబ్బు) పలక ఒక్కటే 19.7 కిలోలు. మీ కొండల లోకంలో లంచం ఇవ్వాలంటే హీరో బండి కట్టుకుని రావాలి.

చిల్లరలేదు:
బరువు సరే, అసలు గొడవ చిల్లరతో. ఇంగ్లండ్‌లో నోబుల్ అనే బంగారు నాణెం 1351 నుంచి 7.8 గ్రాములు ఉండేది, విలువ 80 వెండి పెన్నీలు. అదే ఏడాది చట్టం రాతిపని పెద్ద మేస్త్రీకి రోజుకి 4 పెన్నీలు మించి ఇవ్వొద్దంది. అంటే ఒక్క నోబుల్ ఆయనకి 20 రోజుల కూలి. ఆ లెక్కన మీ బిళ్ళ 400 రోజుల పైచిలుకు! సత్రం యజమాని దాన్ని ఎక్కడ మారుస్తాడు? మార్చబోయిన రోజే ఊరంతా తెలిసిపోతుంది, ఇంక "చూడలేదని చెప్పు" అనడం దేనికి? నాలుగు వెండి పెన్నీలు పడేస్తే చాలు.

నిద్రరాని_రచయిత:
వెండి ఇస్తే హీరో పిసినారిలా ఉండడూ? బంగారమే ఇచ్చినా గోరంతదైతే చొక్కా బొత్తాం తెంపి ఇచ్చినట్టుంటుంది. చదివేవాడి కళ్ళు మెరవాలి కదా.

పాతనాణెం:
బరువు తక్కువైతే నాణెం చిన్నగానే ఉండాలని ఎవరన్నారు? ఆ నోబులే చూడండి, వెడల్పు 3.3 సెంటీమీటర్లు, మందం అర మిల్లీమీటరు, మీద ఓడలో నిలబడ్డ రాజు బొమ్మ. దర్జాగా ఉంటుంది. విజయనగర వరహా దీనికి పూర్తిగా ఎదురు, బరువు దాదాపు డ్యూకట్ అంతే, వెడల్పు మాత్రం ఇంచుమించు 12 మిల్లీమీటర్లు, చూడ్డానికి గింజలా బొద్దుగా ఉంటుంది. పల్చటిదైతే వంగుతుంది, పైగా ఎవడో ఒకడు కత్తెరతో అంచు కత్తిరించి ఆ బంగారం దాచుకుంటాడు. బొద్దుగా ఉన్నదానికి ఆ బెడద తక్కువ గానీ బొమ్మకి చోటుండదు, చేజారితే వెతుక్కోవాలి. మీ 6 సెంటీమీటర్ల దిమ్మతో ఇంకో చిక్కుంది. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్యలో బిళ్ళ, ఒక మనిషి సుత్తి దెబ్బ, అప్పట్లో అంతే. అంత బిళ్ళ మీద బొమ్మ సరిగ్గా పడాలంటే ఎన్ని దెబ్బలు కొట్టాలో! నా ఓటు నోబుల్‌కే.

అరక్షణం:
మరి ఇంగ్లండ్‌లో 1489లో వచ్చిన సావరిన్, అదే పౌండు విలువ చేసే బంగారు నాణెం? 15 గ్రాముల పైనే కదా.

తూనికరాయి:
అది ఏడో హెన్రీ దర్జా కోసం కొట్టించింది, అదీ మధ్యయుగం సర్దుకుని వెళ్ళిపోతున్నప్పుడు. అంతకుముందు శతాబ్దాల పాటు ఇంగ్లండ్‌లో పౌండు అనేది లెక్కల పుస్తకాల్లో రాసుకునే మాటే, ఆ విలువకి చేతిలో పట్టుకునే నాణెమే లేదు. అయినా వ్యాపారాలు ఆగలేదు.

నిద్రరాని_రచయిత:
సరే, సగం ఒప్పుకున్నా. వంద నాణేలూ ఉంటాయి, కానీ ఫ్లోరిన్ సైజులో, చొక్కా లోపల కుట్టుకుని. విసరడం తీసేశాను. సత్రం యజమానికి వెండే. నోబుల్ లాంటిది రెండో అధ్యాయంలో రాజే స్వయంగా హీరో చేతిలో పెడతాడు. హీరో బయటికొచ్చి వెలుగులో చూస్తే ఒక పక్క అంచు కత్తిరించి ఉంటుంది. ఖజానాలోంచి తిన్నగా వచ్చిన నాణేన్ని ఎవడు కత్తిరించాడో నాకూ ఇంకా తెలీదు, రాసుకుంటూ పోతే తెలుస్తుందేమో.