1 ప్రధాన సంఖ్య ఎందుకు కాదు? ఆరో తరగతికి ఎలా చెప్పాలి?

ప్రశ్న (ఆరో తరగతి గణిత ఉపాధ్యాయురాలు)

అందరికీ నమస్కారం. "1తోను, తనతోను మాత్రమే నిశ్శేషంగా భాగింపబడే సంఖ్య ప్రధాన సంఖ్య" అని నేను చెప్పగానే, మా తరగతిలో ఒక అమ్మాయి లేచి, 1 కూడా అలాగే భాగింపబడుతుంది కదా, అది ఎందుకు కాదని అడిగింది. 1 ప్రధానమూ కాదు, సంయుక్తమూ కాదు అని పుస్తకంలో ఉన్న మాటే చెప్పాను గాని, అది జవాబు కాదని నాకే తెలుసు. పైగా పరీక్షలో చాలామంది 51, 91లను ప్రధాన సంఖ్యలుగా రాశారు. 2 సరి సంఖ్య కనుక ప్రధానం కాదన్నవారూ ఉన్నారు. కారణాంకాలు అడిగితే గుణిజాలు రాయడం సరేసరి. ఈ పాఠాన్ని మరోలా మొదలుపెట్టే మార్గం ఉంటే దయచేసి తెలుపగలరు.

జవాబు 1

మేడం గారూ, నిర్వచనాన్ని చివరికి నెట్టండి. పిల్లలను జట్లుగా కూర్చోబెట్టి, చింతగింజలు ఇచ్చి, 12 గింజలను సమానమైన వరసలుగా ఎన్ని రకాలుగా పేర్చవచ్చో చూడమనండి. ఒక వరసలో 12, రెండు వరసల్లో ఆరేసి, మూడు వరసల్లో నాలుగేసి వస్తాయి. ఆ వరసల లెక్కల్లోంచే 1, 2, 3, 4, 6, 12 అనే కారణాంకాలు వాళ్లకే దొరుకుతాయి, గింజలకన్నా పెద్ద సంఖ్య కారణాంకం కాలేదని కూడా కళ్లకు కనబడుతుంది కనుక గుణిజాలతో తికమక చాలావరకు తగ్గుతుంది. 7 గింజలైతే ఒంటి వరస తప్ప గతి లేదు. ఆ తరువాత 1 నుంచి 30 వరకు ఒక్కొక్క సంఖ్యకు ఎన్ని కారణాంకాలున్నాయో పట్టికగా రాయించండి. 2, 3, 5, 7 వంటివాటికి సరిగ్గా రెండేసి ఉంటాయి, 1కి మాత్రం ఒక్కటే ఉంటుంది. "సరిగ్గా రెండు కారణాంకాలు గల సంఖ్య" అనే నిర్వచనం అప్పుడు చెబితే 1 గురించిన తగువూ, 2 గురించిన తగువూ రెండూ తీరతాయి. 4, 9, 25లకు మూడేసి ఎందుకు వచ్చాయో, 16కు అయిదు ఎందుకు వచ్చాయో ఎవరైనా అడిగితే వెంటనే చెప్పకండి.

జవాబు 2

పై పద్ధతి మంచిదే గాని, ఆ అమ్మాయి అడిగింది అది కాదని నా అభిప్రాయం. "సరిగ్గా రెండు" అని నియమం పెట్టుకున్నది మనమే. ఎందుకు పెట్టుకున్నామన్నదే ఆమె సందేహం. 60ని ఎటునుంచి విడగొట్టినా చివరకు 2×2×3×5 మాత్రమే వస్తుంది. 1ని కూడా ప్రధానమంటే, 1×2×2×3×5 అనీ, 1×1×2×2×3×5 అనీ ఎన్ని రకాలుగానైనా రాయవచ్చు, అప్పుడు ప్రధాన కారణాంక విభజన ఒకే విధంగా ఉంటుందన్న మాట నిలవదు. 1742లో గణితవేత్త ఆయిలర్‌కు రాసిన లేఖలో మరో గణితవేత్త గోల్డ్‌బాక్ 1ని ప్రధానంగానే లెక్కించాడని, 1914లో లెహ్మర్ అనే గణితవేత్త అచ్చువేసిన ప్రధాన సంఖ్యల పట్టిక కూడా 1తోనే మొదలవుతుందని ఆ అమ్మాయికి తప్పక చెప్పండి.

జవాబు 3

51, 91ల పొరపాటు ఎక్కాల వల్ల వస్తుంది. మన పిల్లలు ప్రతి ఎక్కాన్నీ పదితో ఆపుతారు; 3×17, 7×13 ఆ గీత దాటి ఉన్నాయి. 100 వరకు ఎరటోస్తనీస్ జల్లెడ (సంఖ్యలన్నీ రాసి, 2 నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క ప్రధాన సంఖ్యనూ ఉంచి, దాని మిగతా గుణిజాలను కొట్టేస్తూ పోయే పద్ధతి) పట్టించండి, అయితే వరసకు పది కాకుండా ఆరేసి సంఖ్యలు రాయించండి. 2, 3 తప్ప మిగిలిన ప్రధాన సంఖ్యలన్నీ మొదటి, అయిదో నిలువు వరసల్లోనే పడతాయి. 2, 3, 5ల గుణిజాలు కొట్టేశాక 7 వల్ల కొత్తగా పోయేవి 49, 77, 91 మాత్రమే. 11×11 వంద దాటుతుంది కనుక అక్కడితో ఆపవచ్చు, 25 సంఖ్యలు మిగులుతాయి.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ కృతజ్ఞతలు. గింజలతోనే మొదలుపెట్టాను, 60ని విడగొట్టి కూడా చూపించాను. లెహ్మర్ సంగతి విని ఆ అమ్మాయి ఎంతో సంతోషించింది. ఆ వెంటనే, గింజలే లేకపోతే 0కి ఎన్ని కారణాంకాలని అడిగింది. 1, 2, 3 అంటూ ఏ సంఖ్యతో భాగించినా 0కి శేషం రాదని, కనుక ఆ వరుసకు అంతుండదని చెప్పాను. మరి పట్టికలో దాన్ని ఎక్కడ రాయాలని ఇప్పుడు తరగతి అంతా అడుగుతోంది.