ఆదాము కుమారుడా, మనుష్యకుమారుడా?

మా పాపకి తొమ్మిదేళ్లు. రాత్రిపూట సి.ఎస్. లూయిస్ నార్నియా కథలు తెలుగులో చెబుతున్నాను. మొదటి పుస్తకం, 1950లో వచ్చింది. లూసీ అనే చిన్నపిల్ల బట్టల బీరువాలో దూరి మంచు అడవిలో తేలుతుంది. అక్కడ మేక కాళ్ల టమ్నస్ ఆమెను చూసి "డాటర్ ఆఫ్ ఈవ్‌వి కదూ" అంటాడు. ఆమె అన్న ఎడ్మండ్ లాంటి మగపిల్లలైతే "సన్ ఆఫ్ ఆడమ్". నాకు ఆ క్షణాన తోచింది "మనుష్యకుమారుడు", అదే చెప్పేశాను. పక్కింటి మామ్మగారు కూడా కూర్చుని వింటున్నారు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి. "ఆ మాట ఆ పిల్లాడికి వాడకమ్మా" అన్నారు. ఎందుకని అడిగితే, "వద్దు, అంతే" అన్నారు. మరి ఏమనాలండీ?

—

మామ్మగారి చెవి చురుకైనదమ్మా. తెలుగు బైబిల్ వింటూ పెరిగినవారికి మనుష్యకుమారుడు అంటే ఒక్కరే. సువార్తల్లో యేసు తన గురించి తాను చెప్పుకొనే మాట అది. "నక్కలకు బొరియలును ఆకాశపక్షులకు నివాసములును కలవు గాని మనుష్యకుమారునికి తలవాల్చుకొనుటకైనను స్థలము లేదు" అని మత్తయి ఎనిమిదో అధ్యాయంలో వస్తుంది.

ఇప్పుడు కథలోకి రండి. ఎడ్మండ్ మిఠాయికి ఆశపడి తోడబుట్టినవాళ్లను నార్నియాను ఏలే మంత్రగత్తెకు పట్టిస్తాడు. ద్రోహి ప్రాణం ఆమెకు చెందాలన్నది అక్కడి ధర్మం. ఆ పిల్లాడికి బదులుగా అస్లాన్ అనే సింహం రాతిబల్ల మీద ప్రాణమిచ్చి, తెల్లవారేసరికి తిరిగి లేస్తుంది. క్రీస్తు స్థానం సింహానిది. ఎడ్మండ్‌ను "మనుష్యకుమారుడా" అని పిలిస్తే పట్టించినవాడికే రక్షకుడి పేరు పెట్టినట్టవుతుంది. మామ్మగారికి గుచ్చుకున్నది అదే అనుకుంటాను.

"నరపుత్రుడు" అని ఇంకో మాట ఉంది. బైబిల్లోని యెహెజ్కేలు గ్రంథంలో దేవుడు ప్రవక్తను తొంభైసార్లకు పైగా అలాగే పిలుస్తాడు. హీబ్రూలో "బెన్ ఆదామ్". ఇంగ్లీషులో ప్రవక్తకూ యేసుకూ ఒకటే మాట పడింది. మన అనువాదకులు అక్కడ నరపుత్రుడు, ఇక్కడ మనుష్యకుమారుడు అని విడదీశారు. ఎంత ఆలోచించి ఉంటే ఆ తేడా నిలిచింది! నాకు వాళ్లంటే చాలా గౌరవం.

అయినా నార్నియాకు నరపుత్రుడు కూడా సరిపోదు. హీబ్రూలో ఆదామ్ అంటే మనిషి, మొదటి మనిషి పేరూ అదే. ఈ కథకు ఆ పేరే కావాలి. మంత్రగత్తె తాను మనిషినని చెప్పుకుంటుంది గానీ, ఆమెలో చుక్క మనిషి రక్తం లేదంటాడు కథలో మాట్లాడే జంతువు బీవర్. ఆదాము మొదటి భార్య లిలిత్ వంశమట. యూదుల పాత కథల్లోని లిలిత్‌నే లూయిస్ తెచ్చుకున్నాడు. ఇద్దరు ఆదాము కుమారులు, ఇద్దరు హవ్వ కుమార్తెలు నాలుగు సింహాసనాలెక్కితే ఆమె పాలన ముగుస్తుందన్నది జోస్యం. అంటే ఎవరి వంశం అన్నదే అక్కడ ప్రశ్న. పేరు తీసేస్తే జోస్యమే ఉండదు.

కాబట్టి ఆదాము కుమారుడు, హవ్వ కుమార్తె. ఈ జోడీకి మన బైబిల్లోనే దారి ఉంది. లూకా సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్యను "అబ్రాహాము కుమారుడే" అంటాడు యేసు. పద్దెనిమిదేళ్లు నడుము వంగిపోయిన స్త్రీని "అబ్రాహాము కుమార్తె" అంటాడు. జనం చులకన చేసినవాళ్లకు వంశం గుర్తుచేసి తల ఎత్తించే పిలుపు అది. రెండో నార్నియా పుస్తకం చివర అస్లాన్ చెప్పేదీ ఇదే: ఆదాము హవ్వల సంతానం కావడం బిచ్చగాడు తలెత్తుకునేంత గౌరవం, చక్రవర్తి తల దించుకునేంత సిగ్గు.

—

మాది హైదరాబాద్ పాతబస్తీ పక్క. రోజూ అనే "ఆద్మీ"లో ఉన్నది ఆ ఆదమే. అస్లాన్ కూడా టర్కీ భాషలో సింహమే కదా. నాకు ఇంకో సంతోషం: ఇంగ్లీషు ఈవ్ కన్నా మన హవ్వ హీబ్రూ పలుకుబడికి దగ్గర. కానీ పిల్లలకు "కుమార్తె" బరువు కాదా మాస్టారూ? "ఆదాము బిడ్డా" అంటే హాయిగా ఉంటుంది.

—

బిడ్డ మంచి మాటే తమ్ముడూ, నోటికి తియ్యగా ఉంటుంది. కానీ ఆడా మగా రెంటికీ ఒకటే కావడంతో ఇద్దరూ ఇద్దరూ అన్న లెక్క పోతుంది. పైగా టమ్నస్ లూసీని ముద్దు చేయడం లేదు, మర్యాద చేస్తున్నాడు. చిన్నపిల్లకు అంత మర్యాద దక్కడమే ఆ సన్నివేశంలో నాకు నచ్చేది. బరువు ఉండనిద్దాం.

—

మాస్టారు చెప్పిన జోడీనే తీసుకుంటున్నాను. ఒక్క సందేహం మిగిలింది. పిలిచేటప్పుడు "ఆదాము కుమారుడా" అనాలా, "ఆదాము కుమారా" అనాలా?

—

బైబిల్లోని సామెతల గ్రంథం "నా కుమారుడా" అంటుంది. కుమార శతకం "కుమారా" అంటుంది, కుమారీ శతకం "కుమారీ" అంటుంది. పైకి చదివి వినిపించే కథ కాబట్టి నేనైతే శతకం వైపే: ఆదాము కుమారా, హవ్వ కుమారీ. ఒకసారి మామ్మగారి ముందు చదవండి. ఆవిడ ఊరుకుంటే ఖాయం చేసుకోండి.