2013 స్విఫ్ట్ డీజిల్ తీసుకోవచ్చా? హన్మకొండ–భూపాలపల్లి వాడకానికి

ప్రశ్న:
అన్నలకు నమస్తే. స్విఫ్ట్ వీడీఐ ఒకటి చూసిన. ఏపీ 36 నంబరు, మీటర్ల 1,18,000 కిలోమీటర్లు. రోజూ కాజీపేట దాకా, వారానికి రెండుసార్లు పరకాల మీదుగ భూపాలపల్లి పోవాలె. ఇంజన్ల ఏమేం చూడాలె? పెట్రోల్‌దే నయమా?

డీజిల్ మల్లన్న:
తమ్మీ, మీటర్‌ను పక్కన పెట్టు, ఇంజన్‌ను చూడు. ఇది ఫియట్ 1.3 మల్టీజెట్, 1248 సీసీ. సర్వీస్ టైముకు జరిగితే చానా గట్టి ఇంజన్. టైమింగ్‌కు (వాల్వులను వేళకు తెరిచి మూసే పనికి) బెల్ట్ ఉండదు, చైన్ ఉంటది. ఆయిల్ మార్చుడు ఆలస్యం చేస్తే సాగేది ఆ చైనే.

పొద్దుగాల బండి చల్లగ ఉన్నప్పుడే పో. బానెట్ మీద చెయ్యి పెట్టు, వెచ్చగ ఉంటే ఇంకోరోజు వస్తనని చెప్పు. వేడి ఇంజన్ల సగం రోగాలు దాక్కుంటయి. స్టార్ట్ చేసినంక చైన్ గలగల ఒకటి రెండు సెకన్లల ఆగాలె. ఆగకుంటే చైన్, దాన్ని బిగువుగ పట్టే టెన్షనర్, గైడ్లు అన్నీ కలిపి మార్చాలె, ఖర్చు పెద్దది. ఐడ్లింగ్‌ల ఆయిల్ మూత తియ్యి. పొగ గుప్పుగుప్పున కొడితే పిస్టన్ రింగులు పోయినట్టే. నీలం పొగంటే ఆయిల్ కాలుతున్నది, టర్బో (ఇంజన్లకు గాలిని బలంగ నెట్టేది) మీద కూడా అనుమానం పెట్టుకో. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపుల సన్నటి ఆయిల్ తడి మామూలే, మడుగు కట్టొద్దు.

ఇంజెక్టర్లకు (డీజిల్‌ను ఇంజన్లకు చిమ్మేవి) లీక్-ఆఫ్ టెస్ట్ తప్పక చేపియ్యి: మిగిలిన డీజిల్ వాపసొచ్చే నాలుగు రిటర్న్ పైపులకు నాలుగు సీసాలు పెడ్తరు, ఏది మిగతావాటికంటే జల్ది నిండితే ఆ ఇంజెక్టర్ అరిగింది. క్లచ్ సంగతికి, 40 స్పీడ్‌ల నాలుగో గేరేసి యాక్సిలరేటర్ నిండ తొక్కు. ఆర్‌పీఎం లేచి స్పీడ్ పెరగకుంటే ప్లేట్ అయిపోయింది.

ఓరుగల్లు వీల్స్:
ఇంజన్ కంటే ముందు నీళ్లల్ల మునిగిందా లేదా చూడాలె. 2023 జులై వానలకు హన్మకొండ, వరంగల్ కాలనీలు ఎట్ల మునిగినయో తెల్వనిది కాదు. సీట్ బెల్ట్ చివరిదాక గుంజు, కింది భాగంల బురద మరక ఉంటే వదిలెయ్యి. సీటు పట్టాల తుప్పు, స్టెప్నీ గుంతల ఒండ్రు, ఫ్యూజ్ బాక్స్ పిన్నుల మీద పచ్చటి చిలుం, ఇవి పాలిష్‌తోని పోవు. మునిగిన బండికి వైరింగ్ రోగం నెలల తర్వాత బయటపడ్తది, మెకానిక్‌కు కూడా దొరకదు. పాత ఇన్సూరెన్స్ పాలసీలు కూడా అడుగు. ఓనర్ మారకున్నా, పాలసీ మధ్యల ఆగకున్నా 2024ల ఎన్‌సీబీ (క్లెయిమ్ తీసుకోకుంటే ప్రీమియంల వచ్చే తగ్గింపు) సున్నాకు పడితే, ఏం క్లెయిమ్ తీసుకున్నరో అడగాలె.

కేఎంపీఎల్:
ఒక్క కాజీపేట తిరుగుడే అయితే 1.2 పెట్రోల్ చాలు. భూపాలపల్లి ఉన్నది కాబట్టి డీజిల్ అనే నేనంట. ఈ బండికి డీపీఎఫ్ (పొగల మసిని పట్టే ఫిల్టర్) లేదు, చిన్న తిరుగుళ్లకు ఫిల్టర్ జామయే భయం లేదు. కొంత పొగను మళ్ల ఇంజన్లకు పంపే ఈజీఆర్ వాల్వ్‌ల మసి మాత్రం పేరుకుంటది, సర్వీస్‌ల తీపియ్యి. 2000 ఆర్‌పీఎం కింద టర్బో అందుకోదు. బొగ్గు లారీని దాటేటప్పుడు ముందుగాల్నే మూడో గేర్లకు దించు, నాలుగుల తొక్కితే సగంల ఇరుక్కుంటవ్.

మారుతి 2020ల డీజిల్ ఆపినా స్పేర్లకు బాధ లేదు, డిజైర్, ఎర్టిగాలకూ ఇదే ఇంజన్. ఆర్సీ 2028 దాక, ఆ తర్వాత ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ కట్టి రెన్యువల్ చేసుకోవాలె. ధర మాట్లాడేటప్పుడు అది లెక్కల పెట్టు. ఫైనాన్స్ ఉన్న బండైతే ఫారం 35 (ఆర్సీల నుంచి లోన్ తీసేసే కాగితం), బ్యాంక్ ఎన్‌ఓసీ చేతికి రాకముందు పూర్తి పైసలు ఇయ్యకు.