పీ0722 కోడ్ వస్తోంది, గేర్‌బాక్స్ దించాల్సిందేనా?

ప్రశ్న (కడప):
అన్నా, మాది టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. రాయచోటికి పోతుంటే గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి ఒక్క కుదుపు ఇచ్చింది, ఇక అంతే, ఒకే గేర్‌లో ఉండిపోయింది, ఎంత తొక్కినా ఇంజిన్ అరుస్తుందే తప్ప బండి లాగదు. చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగింది. పాలకోవా అంగడి దగ్గర ఆపి, కాసేపాగి స్టార్ట్ చేస్తే మామూలుగానే పోయింది! మెకానిక్ స్కానర్ పెడితే పీ0700, పీ0722 వచ్చాయి. గేర్‌బాక్స్ దించాలంటున్నాడు, ఖర్చు తలచుకుంటేనే టెన్షన్. మొన్ననే వాటర్ సర్వీసింగ్ చేయించాం, అంతకుముందు ఏ ఇబ్బందీ లేదు.

జవాబు (కర్నూలు):
దించనివ్వొద్దు, ఆగండి. పీ0700ని పక్కన పెట్టండి, గేర్‌బాక్స్ కంప్యూటర్ 'నా దగ్గర ఏదో కోడ్ ఉంది, లైటు వెయ్యి' అని ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పడమే అది. అసలు సంగతి పీ0722, అంటే అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్ నుంచి సిగ్నల్ అందడం లేదని. చక్రాల వైపు పోయే షాఫ్ట్ ఎంత వేగంగా తిరుగుతోందో ఆ సెన్సర్ చెబితేనే గేర్ ఎప్పుడు మార్చాలో కంప్యూటర్‌కి తెలుస్తుంది, లేకపోతే లింప్ మోడ్‌లోకి, అంటే గేర్‌బాక్స్ దెబ్బతినకుండా కాపాడుకునే స్థితిలోకి పోయి ఒక గేర్ పట్టుకుని కూర్చుంటుంది. లోపల క్లచ్‌లు జారుతుంటే ఎక్కువగా గేర్ నిష్పత్తి తప్పిందని చెప్పే పీ0730 వరుస కోడ్‌లు వస్తాయి, మీకవి లేవు కదా.

అలాగని సెన్సర్ కొనేయకండి. సెన్సర్ నుంచి కంప్యూటర్ దాకా వైరు ఎక్కడ తెగినా, కనెక్టర్ ఎక్కడ వదులైనా ఇదే కోడ్. వాటర్ సర్వీసింగ్ అన్నారు చూడండి, నా అనుమానమంతా కనెక్టర్ మీదే. ముందు కోడ్‌లు చెరిపేయకుండా ఫ్రీజ్ ఫ్రేమ్, అంటే కోడ్ పడిన క్షణంలో నమోదైన రీడింగులు, స్కానర్‌లో ఫోటో తీసుకోండి (చాలామంది ఇక్కడే ఆత్రపడి చెరిపేస్తారు). తర్వాత ఇగ్నిషన్ ఆపి, ఇంజిన్ చల్లారాక కనెక్టర్ విప్పి, లోపల తడి, పచ్చటి చిలుం, ఆయిల్ ఉన్నాయేమో, రబ్బరు సీలు పక్కకు జరిగిందేమో చూడండి.

ఇంకో జవాబు (అనంతపురం):
బండి చెట్టు కింద పెడతారా? ఎలుక కొరికిందేమో కూడా చూడండి, పైన టేప్ బాగానే ఉంటుంది, లోపల వైరు ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
కనెక్టర్‌లో కొంచెం తడి, ఒక పిన్ మీద పచ్చగా ఉంది. సెన్సర్‌కి రెండే వైర్లు. అది బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు (కర్నూలు):
రెండు వైర్లంటే ఎక్కువగా మాగ్నెటిక్ రకమే, అదైతే మల్టీమీటర్‌తో ఓమ్స్ (రెసిస్టెన్స్) చూడొచ్చు, ఎంత ఉండాలనేది మీ మోడల్ మాన్యువల్‌లోనే చూడాలి. మూడు వైర్ల హాల్ రకమైతే ఓమ్స్ చూసి లాభం లేదు, సప్లయ్, ఎర్త్, సిగ్నల్ చూడాలి. మీకు ఘాట్‌లో వేడెక్కాక వచ్చి, ఆగితే పోయింది కాబట్టి చల్లగా ఉన్నప్పుడొకసారి, బాగా తిరిగొచ్చాక ఒకసారి కొలవండి. చల్లగా సరిగ్గా ఉండి వేడికి ఓపెన్ (లోపల తీగ తెగినట్టు) చూపిస్తే సెన్సరే పోయినట్టు. రెండుసార్లూ బాగుంటే కాంటాక్ట్ క్లీనర్‌తో పిన్నులు శుభ్రం చేసి, ఆరాక పెట్టి, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టి స్కానర్‌లో లైవ్ డేటా (అప్పటికప్పుడు వచ్చే రీడింగులు) వాళ్లను చూడమని, మీరు నడపండి. కారు కదులుతుంటే అవుట్‌పుట్ స్పీడ్ మధ్యలో సున్నాకి పడిపోకూడదు. పడితే కంప్యూటర్ దాకా వైరింగ్ చూపించండి. చౌక బ్లూటూత్ స్కానర్లలో చాలావరకు ఇంజిన్ డేటానే చూపిస్తాయి, గేర్‌బాక్స్ మాడ్యూల్ చదివేది ఉన్నవాళ్ల దగ్గరికే పోండి.